ఏడిపించకుండా చందా అడగడం

(లండన్‌లో తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. బయట ఎండ కాస్తోంది. లండన్‌లో ఎండ కాసిన ఆదివారం ఇంతమంది హాల్లో కూర్చున్నారంటే, వెనక గదిలో మూతపెట్టి ఉంచిన పులిహోర మహిమే అని నాకు తెలుసు. కాబట్టి మీ ఓపికని మరీ పరీక్షించను.

మేము కొందరం ఆడవాళ్లం కలిసి కామెడీ షోలు నడుపుతున్నాం. ఈ ఊళ్లో కామెడీ ఎక్కువగా పబ్బుల మేడ మీది గదుల్లోనే పుడుతుంది. మాదీ అలాంటి గదే. ఒక మైకు, ఒక ఎత్తు స్టూలు, నలుగురైదుగురు కమెడియన్లు, వాళ్లని పరిచయం చేస్తూ సభని అదుపులో పెట్టే ఒక ఎంసీ. మైకు పట్టుకునేది ఆడవాళ్లు, ట్రాన్స్ వాళ్లు. వచ్చిన డబ్బు వెళ్లేది తమ దేశంలో గే అనో లెస్బియన్ అనో ట్రాన్స్ అనో బతకనివ్వక, ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఇక్కడికి వచ్చి అసైలమ్, అంటే శరణార్థిగా ఆశ్రయం, అడుగుతున్నవాళ్లకి.

మనవాళ్లకి ఈ సంగతి చెప్పినప్పుడల్లా రెండు ప్రశ్నలు వస్తాయి. "పాపం వాళ్లు అన్ని కష్టాలు పడి వస్తే మీరు నవ్వులాటలు పెడతారేంటమ్మా?" అన్నది మొదటిది. మొహమాటం తక్కువున్నవాళ్లు రెండోది కూడా అడిగేస్తారు. "ఆడవాళ్ల సమస్యలన్నీ తీరిపోయాయా, ఇప్పుడు వీళ్లని నెత్తికెత్తుకున్నారు?" అని. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. దాని జవాబు కోర్టు తీర్పుల్లో ఉంది.

శరణార్థి ఎవరో తేల్చడానికి ప్రపంచం వాడుకునేది 1951 నాటి ఒప్పందం. హింసకి ఐదు కారణాలు రాశారు అందులో. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఐదోది ఏదైనా ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం. ఆడదానిగా పుట్టడం ఆ జాబితాలో లేదు. గే అవడమూ లేదు. అది రాసిన పెద్దలకి శరణార్థి అనగానే కళ్ల ముందు మెదిలింది ఒక మగమనిషి అయి ఉండాలి. చేతిలో కరపత్రం, వెనకాల పోలీసు. మొగుడి చేతిలోనో అన్నదమ్ముల చేతిలోనో చావు తప్పించుకుని పారిపోయే మనిషి వాళ్ల ఊహకి అందలేదు.

1990లలో పాకిస్తాన్ నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఇక్కడికి వచ్చారు. కేసు కాగితాల్లో వాళ్ల పేర్లు షా, ఇస్లాం. ఇద్దర్నీ భర్తలు ఇంట్లోంచి గెంటేశారు. తిరిగి వెళ్తే వ్యభిచారం నింద, దాని వెనక రాళ్లతో కొట్టి చంపే శిక్ష భయం. ఇది మీ ఇంటి గొడవ, రాజ్యం చేసిన హింస కాదు కదా అన్న వాదన వచ్చింది. 1999 మార్చిలో, అప్పట్లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది, ఆ దేశంలో ఆడవాళ్లు ఒక సామాజిక వర్గమే, రాజ్యం వాళ్లని కాపాడకపోవడం కూడా హింసలో భాగమే అని. ఐదో కారణం అనే తలుపు ఈ దేశంలో గట్టిగా తెరుచుకున్నది అలా. గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి ఎల్జీబీటీక్యూ వాళ్ల కేసులు నడిచేది కూడా ఆ తలుపులోంచే. మొగుళ్లు గెంటేసిన ఇద్దరు ఆడవాళ్లు గెలిచిన కేసు అది. కాబట్టి ఫెమినిస్టులకీ వీళ్లకీ ఏంటి సంబంధం అని నన్ను అడిగితే, ఒకే సెక్షన్ కింద బతికిపోయాం అంటాను.

ఇక మొదటి ప్రశ్న. నవ్వులెందుకు?

అసైలమ్ అడిగిన మనిషి ఏం చేయాలో కొంచెం చెప్పాలి. హోం ఆఫీస్, అంటే ఇక్కడి హోం శాఖ, ఇంటర్వ్యూలో కూర్చుని రెండు సంగతులు నిరూపించాలి. ఒకటి, నా దేశంలో నాకు ప్రమాదం ఉంది. రెండు, నేను నిజంగానే గేనో లెస్బియన్‌నో. మొదటిదానికి చట్టాలు, వార్తలు, నివేదికలు చూపిస్తాం. ఉగాండాలో 2023లో వచ్చిన చట్టం కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా వేయొచ్చంటుంది, దాన్ని ప్రింటు తీసి ఇస్తే సరిపోతుంది. రెండోదానికి ఏం ప్రింటు తీయాలి? ఇందులో ఎవరికైనా, అంటే మామూలుగా పెళ్లై పిల్లలున్న మీలో ఎవరికైనా, మీరు మగవాళ్లనే ఇష్టపడతారని ఒక అధికారి ముందు రుజువు చేయమంటే ఏం చూపిస్తారు? మా ఆయన్ని చూపిస్తాం అంటారు. మీ ఆయన్ని చూశాక అనుమానం ఇంకా పెరిగితే? (నవ్వులు)

నవ్వారు కదా. యూరప్‌లో నిజంగా జరిగినవి ఇంతకన్నా విచిత్రంగా ఉంటాయి. హంగరీలో ఒక నైజీరియా యువకుడు 2015లో అసైలమ్ అడిగాడు. అతను గేనో కాదో తేల్చడానికి సైకాలజిస్టు చేత పరీక్షలు పెట్టించారు. సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమన్నారు. వానలో నిలబడ్డ మనిషి బొమ్మ గీయమన్నారు. నేను ఇందులో ఏదీ కలపడం లేదు, యూరోపియన్ యూనియన్ కోర్టు 2018 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఉంది, ఇలాంటి పరీక్షల మీద ఆధారపడి తేల్చకూడదని చెప్పిన తీర్పు. మా ఎంసీ దీని మీద పది నిమిషాల సెట్, అంటే స్టేజీ మీద వరస జోకులు, చేస్తుంది. గొడుగు గీస్తే గేనా, గీయకపోతే గేనా, ఇంగ్లండ్‌లో అందరం వానలోనే నిలబడి ఉన్నాం కదా, మరి మనందరి సంగతేంటి అని. అదే ఏడాది ఆస్ట్రియాలో ఒక అఫ్గాన్ కుర్రాడి దరఖాస్తు తిప్పికొట్టారు, అతని నడక, ప్రవర్తన, బట్టలు గే వాళ్లలా లేవని. కొద్ది రోజులకే అదే దేశంలో ఒక ఇరాకీ కుర్రాడు మరీ ఆడపిల్లలా చేస్తున్నాడని, అంటే నటిస్తున్నాడని తిప్పికొట్టారు. అటూ ఇటూ కాకుండా ఎక్కడ నిలబడాలో ఆ అధికారులు నేల మీద ఒక గీత గీసి పెడితే బాగుండేది.

మా షోలో ఒక తెలుగమ్మాయి ఉంది, గుంటూరు వైపు. ఆమె ఈ ఆస్ట్రియా కథ విని తన సెట్‌లో కలుపుకుంది. "మా అమ్మమ్మని పెళ్లిచూపుల్లో కాస్త నడిచి చూపించమ్మా అన్నారట. పాట పాడమన్నారట. జడ సొంతమా సవరమా అని లాగి చూశారట. అప్పుడు నచ్చకపోతే ఇంకో సంబంధం వచ్చేది. ఆస్ట్రియాలో నడక నచ్చకపోతే విమానం ఎక్కిస్తారు" అంటుంది. తెల్లవాళ్లు పడి పడి నవ్వుతారు. మనవాళ్లు ఎవరైనా ఉంటే ఒక క్షణం ఆగి, ఆ తర్వాత నవ్వుతారు. ఆ ఒక్క క్షణం కోసమే ఆ అమ్మాయికి ప్రతిసారీ రెండు నిమిషాలు ఎక్కువ ఇస్తాం.

ఈ దేశం కూడా తక్కువ తినలేదు. నైజీరియా నుంచి వచ్చిన అడెరోంకే అపాటా అనే ఆవిడ లెస్బియన్‌ని అని చెప్పుకుంటే, 2015లో హైకోర్టులో హోం ఆఫీస్ తరఫు లాయరు ఆవిడకి పిల్లలున్నారనీ, పూర్వం మగవాళ్లతో సంబంధం ఉందనీ, ఒకరోజు అలా, మర్నాడు ఇలా ఎలా ఉంటారనీ వాదించాడు. నమ్మించడానికి ఆవిడ తన సొంత వీడియోలు, ఫొటోలు కూడా సమర్పించాల్సి వచ్చింది. తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. పెళ్లి చేసుకోని లెస్బియన్లు, పిల్లలు లేని లెస్బియన్లు మన ఊళ్లలో ఎంతమంది ఉండగలరండీ? ఇష్టం కనుక్కుని పెళ్లిళ్లు చేశారా మనకి? చివరికి 2017లో అపాటాకి శరణార్థి హోదా వచ్చింది. తర్వాత ఆవిడే లా చదివి బారిస్టర్ అయ్యారు. ఈ భాగం చెప్పినప్పుడు షోలో చప్పట్లు మోగుతాయి. ఇందులో జోకు అక్కర్లేదు.

గే వాళ్లకి ఇక్కడ పెద్ద మేలు చేసిన తీర్పు 2010 జులైలో సుప్రీం కోర్టు ఇచ్చింది. కేసు వేసింది ఇద్దరు, ఇరాన్ నుంచి ఒకరు, కామెరూన్ నుంచి ఒకరు. అంతకుముందు, మీ ఊరికి తిరిగి వెళ్లి ఎవరికీ తెలియకుండా గుట్టుగా బతకొచ్చు కదా అని కేసులు కొట్టేసేవారు. మన ఆడపిల్లలకి అత్తారింటికి పంపేటప్పుడు చెప్పే సలహానే, ఇంగ్లీషులో, కోర్టు స్టాంపుతో. సుప్రీం కోర్టు కుదరదంది. దాక్కుని బతకమనడానికి శరణార్థి చట్టం ఎందుకు అంది. అంతవరకు బంగారం. అయితే లార్డ్ రోజర్ అనే జడ్జి ఒక ఉదాహరణ ఇచ్చారు. మామూలు మగవాళ్లు రగ్బీ ఆడుకుని స్నేహితులతో బీరు తాగినట్టే, గే మగవాళ్లు పాప్ గాయని కైలీ కచేరీలకి వెళ్లడానికి, రంగురంగుల కాక్‌టెయిల్స్ తాగడానికి, ఆడ స్నేహితులతో అబ్బాయిల గురించి కబుర్లాడుకోవడానికి స్వేచ్ఛ ఉండాలన్నారు. ఇవి పడికట్టు ఉదాహరణలే అని ఆయనే ఒప్పుకున్నారు కూడా. మంచి మనసుతోనే అన్నారు. కానీ మా కమెడియన్లకి ఇది జీవితకాలపు కానుక. ఒకావిడ స్టేజీ మీద నిలబడి అడుగుతుంది, "మై లార్డ్, మగవాళ్లకి కైలీని కేటాయించారు, లెస్బియన్లకి ఎవర్ని కేటాయించారు? మేము ఏ రంగు తాగాలి?"

నవ్వు పక్కన పెడితే ఆ ప్రశ్న చాలా అసలైనది. ఆడవాళ్ల దగ్గర సాక్ష్యం ఉండదు. మగవాడు ఏదో పార్కులోనో బార్‌లోనో పట్టుబడితే పోలీసు కేసు ఉంటుంది, పత్రికలో వార్త ఉంటుంది. ఆడపిల్లని గదిలో పెట్టి తాళం వేస్తారు, ఫోన్ లాక్కుంటారు, నెల తిరక్కుండా ఎవరికో ఒకరికి ఇచ్చి పెళ్లి చేస్తారు. దానికి ఎఫ్ఐఆర్ ఎక్కడుంటుంది? పైగా 2022 జూన్ తర్వాత దరఖాస్తు చేసినవాళ్లకి రుజువు స్థాయి పెంచారు. నువ్వు చెప్పే ఆ వర్గానికి చెందినదానివేనా అన్నది, కాకపోవడం కంటే అవడానికే ఎక్కువ అవకాశం ఉంది అనేంతగా చూపించాలి. చేతిలో కాగితం లేనివాళ్ల దగ్గర మిగిలేది తమ కథ ఒక్కటే. లాయరుకి చెప్పాలి, డాక్టరుకి చెప్పాలి, అధికారికి చెప్పాలి, తిరస్కరిస్తే అప్పీలు వినే ట్రిబ్యునల్‌లో మళ్లీ చెప్పాలి. ఒక తారీఖు తేడా వస్తే అబద్ధం అంటారు. ఏడవకపోతే అనుమానం, మరీ ఏడిస్తే నటన.

ఇప్పుడు మామూలు చందాల సభ ఎలా ఉంటుందో చెప్పండి. శరణార్థిని స్టేజీ ఎక్కిస్తాం. మీ కథ చెప్పండి అంటాం. ఆ మనిషి చెప్తుంది, మనం కళ్లు తుడుచుకుంటాం, కళ్లు ఎంత తడిస్తే పర్సు అంత తెరుచుకుంటుంది. హోం ఆఫీస్ ఇంటర్వ్యూకీ దీనికీ తేడా ఏంటి? సమోసాలు ఒక్కటే తేడా. నమ్మించేలా బాధపడిన మనిషికే మన దగ్గరా మార్కులు. మేము నవ్వుని ఎంచుకున్నది ఇందుకు. మా షోలో ఏ శరణార్థినీ కథ చెప్పమని అడగం. వాళ్లు టికెట్ లేకుండా వచ్చి ముందు వరసలో కూర్చుంటారు, లేదా ఇంట్లో హాయిగా పడుకుంటారు. స్టేజీ మీద నలిగేది వాళ్లని ప్రశ్నలడిగిన వ్యవస్థ.

ఒకావిడ మాత్రం తనంతట తానే అడిగింది, నేనూ మైకు పట్టుకుంటానని. దేశం పేరు చెప్పను. ఆవిడ సెట్‌లో పారిపోయి రావడం లేదు, జైలు లేదు. హాస్టల్లో ఫ్రిజ్ అర మీద పేర్లు రాసుకునే గొడవలు, బస్సులో తెల్లవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకపోవడం. "మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది, నువ్వు ఏ పనీ చెయ్యవే అని. ఇప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం అదే మాట కాగితం మీద రాసిచ్చింది" అంటుంది. అసైలమ్ తేలేదాకా ఉద్యోగం చేయడానికి వీల్లేదు కదా. ఏడాది దాటినా తేలకపోతే, కొన్ని రకాల ఉద్యోగాలకే అనుమతి అడగొచ్చు. మేము మిగతా కమెడియన్లకి కొంత పారితోషికం ఇస్తాం, ఆవిడకి ఇవ్వలేం. ఇస్తే పని చేసినట్టు. గది మొత్తంలో అందరికంటే ఎక్కువ నవ్వించిన మనిషి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్తుంది. ఇది జోకు కాదు, మా లాయరు సలహా.

నవ్వుకి కూడా నియమాలున్నాయి మరి. మన తెలుగు కామెడీ చూసి పెరిగినవాళ్లం మనం. "తేడా", "పాయింట్ ఫైవ్" అనే మాటలకి హాలంతా గొల్లుమనేది. టీవీ షోల్లో మగవాళ్లు చీర కట్టి వస్తే ఆ చీరే జోకు. అలా అని ఆడవేషం తప్పా? స్థానం నరసింహారావు గారు సత్యభామగా స్టేజీ ఎక్కితే ఎవరూ ఎగతాళి చేయలేదు, తెనాలి నుంచి పద్మశ్రీ దాకా గౌరవించారు. కూచిపూడిలో మగవాళ్లే భామాకలాపం ఆడారు. గడప దాటి అదే చీరతో వీధిలోకి వస్తే మాత్రం కథ మారుతుంది. హైదరాబాద్‌లో 1919లో నిజాం ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టర్‌లో ఎక్కించాలి, ఆడవేషంలో వీధిలో కనబడినా, బహిరంగంగా పాడినా ఆడినా వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. అది రద్దయింది ఎప్పుడనుకుంటున్నారు? 2023 జులైలో, తెలంగాణ హైకోర్టు కొట్టేస్తే.

అంతమాత్రాన మనకి వేరే రకం నవ్వు లేదని కాదు. పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద పాడే పాటలు గుర్తున్నాయా? ఆ ఒక్కరోజు ఆడవాళ్లందరూ వరసగా కూర్చుని, మగపెళ్లివారి గొప్పల్ని, పిసినారితనాన్ని, వాళ్ల తిండిని మొహం మీదే కడిగేసేవారు. ఎవరూ కోప్పడటానికి వీల్లేదు. కట్నం ఇచ్చి తలవంచిన పక్షానికి దొరికిన ఒకే ఒక మైకు అది. మా షోకి నేను పెట్టుకున్న కొలత అదే. పైవాడి మీద ఎంతైనా వేయండి. కిందపడ్డవాడి మీద వేస్తే ఎంసీ లైటు ఆర్పేస్తుంది. మా గదిలో ఒకసారి ఒక కమెడియన్ శరణార్థుల ఇంగ్లీషు యాసని అనుకరించింది. చాలా నవ్వు వచ్చింది కూడా. మళ్లీ పిలవలేదు. దీని మీద మాలో మాకే పెద్ద గొడవ అయింది, నవ్వు వచ్చాక తప్పెలా అవుతుందని ఒకరు, నవ్వు వచ్చినందుకే తప్పని ఇంకొకరు. ఇప్పటికీ తెగలేదు.

సరే, డబ్బు. ఎందుకంటే చివరికి ఇది చందా కార్యక్రమం.

సొంతంగా వండుకునే చోట పెట్టిన మనిషికి 2025లో ప్రభుత్వం వారానికి 49.18 పౌండ్లు ఇచ్చేది. భోజనం పెట్టే హోటల్లో ఉంచితే 9.95. లండన్‌లో బస్సు టికెట్ అప్పుడు 1.75. లాయరు దగ్గరికి ఒకసారి, డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లొస్తే ఏడు పౌండ్లు అయిపోయాయి. మిగిలిన దాంట్లో ఫోన్ రీచార్జి, షాంపూ, ప్యాడ్లు. ట్రాన్స్ అమ్మాయి అయితే షేవింగ్ సామాను, అది లేకుండా గుమ్మం దాటలేదు. ఇది అధికారులకి విలాసంలా కనిపిస్తుంది. ఇంకో సంగతి, హోటల్ గదిలో పక్క మంచం ఎవరిదో మన చేతుల్లో ఉండదు. ఏ ఊరివాళ్లకి భయపడి వచ్చిందో ఆ ఊరివాళ్లతోనే గది పంచుకోవాల్సి రావచ్చు. అందుకే ఎల్జీబీటీక్యూ వాళ్ల కోసం విడిగా సేఫ్ హౌస్‌లు కావాలి. మైక్రో రెయిన్‌బో అనే సంస్థ 2017లో లండన్‌లో అలాంటిది మొదలుపెట్టింది. ఉచితంగా న్యాయసలహా ఇచ్చే రెయిన్‌బో మైగ్రేషన్ 1993 నుంచి ఉంది.

చందా ఇచ్చేవాళ్లకి ఒక చిట్కా. టికెట్ డబ్బు మీద, విరాళాలకి ప్రభుత్వం కలిపే గిఫ్ట్ ఎయిడ్ రాదు, ఎందుకంటే దానికి బదులు మీరు షో చూశారు. అదే డబ్బుని రిజిస్టరైన చారిటీకి విడిగా విరాళంగా ఇచ్చి, చిన్న ఫారం నింపితే, మీరు ఇక్కడ పన్ను కట్టేవాళ్లయితే, ప్రతి పౌండుకీ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. హోం ఆఫీస్ వాళ్లు పొమ్మన్న మనిషికి పన్నుల శాఖ వాళ్లు బస్సు చార్జీ ఇవ్వడం నాకు భలే సంతోషం. అందుకని మేము టికెట్ తక్కువ పెట్టి, ఇంటర్వెల్‌లో బకెట్ తిప్పుతాం. రెండో బీరు అయ్యాక తిప్పాలి, మొదటి దానికి కాదు. ఇది అనుభవం మీద చెప్తున్నాను.

మనదాకా వస్తే ఇదంతా ఎవరి గొడవో అనుకోకండి. ఇక్కడ లైంగికత కారణంగా అసైలమ్ అడిగేవాళ్లలో ఏళ్ల తరబడి పాకిస్తాన్‌వాళ్లే ఎక్కువ, బంగ్లాదేశ్‌వాళ్లూ బాగానే ఉంటారు. అక్కడ వాళ్లని వెంటాడే, స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377 తెల్లవాళ్లు 1860లో రాసిపెట్టింది. మన దగ్గర 2018 సెప్టెంబరులో సుప్రీం కోర్టు దాని కోరలు తీసింది. భారతదేశాన్ని 2024లో ఇక్కడి ప్రభుత్వం సురక్షిత దేశాల జాబితాలో చేర్చింది. ఇక ఒక తెలుగమ్మాయి వచ్చి, మా నాన్న నన్ను చంపేస్తానన్నాడు అంటే, అధికారి జాబితా చూపిస్తాడు. మన దేశంలో పరువు హత్యలు లేవని ఆ జాబితా రాసినవాళ్లకి ఎవరు చెప్పారో.

మా షో వల్ల చట్టం మారిపోతుందని నేను అనుకోవడం లేదు. వచ్చేవాళ్లలో చాలామంది ముందే మా వైపు ఉన్నవాళ్లు, అది కూడా నిజం. బకెట్‌లో పడేది లాయరు ఫీజు ముందు చిల్లరే. అయినా నెలకి కొన్ని బస్సు పాసులు, కొన్ని ఫోన్ రీచార్జిలు, ఒకళ్లిద్దరికి పత్రాల అనువాదం ఖర్చు వస్తున్నాయి. కాగితం అనువాదం కాక ట్రిబ్యునల్ వాయిదా పడితే ఆ మనిషి ఇంకో కొన్ని నెలలు వారానికి ఆ కాసిని పౌండ్లతోనే బతకాలి.

వచ్చే షోకి మాకు సౌండ్ చూసుకునేవాళ్లు కావాలి. ఉన్నావిడకి పాప పుట్టింది. అలాగే వియ్యపురాలి పాటలు నిజంగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇంగ్లీషు రాకపోయినా పర్లేదు, మా గుంటూరు అమ్మాయి పక్కన నిలబడి అనువదిస్తుంది. హోం ఆఫీస్‌ని మగపెళ్లివారి స్థానంలో కూర్చోబెట్టి ఒక పాట కట్టాలని ఎప్పటినుంచో నా కోరిక. ఇప్పుడు ప్రశ్నలు. రెండో వరసలో పిన్నిగారు చెయ్యెత్తి చాలాసేపైంది, ఆవిడ మొహం చూస్తే అడగడానికి కాదు, పాడటానికే లేచినట్టున్నారు. మైకు అటు ఇవ్వండమ్మా.